పిల్లలకు, టీనేజర్లకు సేవలందించే లైబ్రేరియన్ల శిక్షణ: విజయవాడ, గుంటూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

శాఖా గ్రంథాలయం నడిపేవాళ్లు, బడిలో లైబ్రరీ బాధ్యత నెత్తిన పడ్డ టీచర్లు, అపార్ట్‌మెంట్ సెల్లారులో రెండు బీరువాలు వేసి పిల్లల లైబ్రరీ పెట్టినవాళ్లు మాటిమాటికీ అడిగే ప్రశ్నలివి. ఎక్కువమంది కోర్సు గురించి, సర్టిఫికెట్ గురించి అడుగుతారు. సర్టిఫికెట్ సంగతి చివర్లో, కోర్సుల సంగతి మొదట్లోనే చెప్పాను. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

బీఎల్‌ఐఎస్సీ (గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ) పూర్తయింది. పిల్లల విభాగానికి మళ్లీ వేరే శిక్షణ ఎందుకు?

డిగ్రీలో ఎక్కువ సమయం వర్గీకరణ, సూచీకరణ, రిఫరెన్స్ సేవ, కంప్యూటరీకరణకే పోతుంది. అవన్నీ కావాల్సినవే. కానీ ఆరేళ్ల పిల్ల వచ్చి "ఏనుగు పుస్తకం ఇవ్వండి" అంటుంది. ఆ పిల్లకు కావాల్సింది జంతువుల గురించి చెప్పే పుస్తకమా, ఏనుగు ఉన్న కథా, లేక నిన్న పక్కింటి అబ్బాయి చేతిలో చూసిన ఆ ఒక్క పుస్తకమేనా? రెండు మాటలు మాట్లాడి కనుక్కోవాలి. ఏ పేపర్లోనూ దీనికి మార్కులు ఉండవు.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడు రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాలు పరీక్షలో అందరూ రాస్తారు. అందులో "ప్రతి పాఠకుడికీ తన పుస్తకం" అన్నది పిల్లల దగ్గర నిజం కావాలంటే, అరలో ఏముందో తెలియాలి, ఎదురుగా నిలబడ్డది ఎవరో తెలియాలి. మొదటిది తెలియాలంటే పిల్లల పుస్తకాలు మనం చదవాలి. రెండోది తెలియాలంటే పిల్లలతో కూర్చోవాలి. నా దృష్టిలో శిక్షణంటే ఈ రెండే. మిగతావి వీటికి తోడు.

మన ప్రాంతంలో గ్రంథాలయ శాస్త్రం ఎక్కడ చదవొచ్చు?

విజయవాడలో సర్వోత్తమ భవనం ఉంది. ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘం కేంద్రం అదే. పాతూరి నాగభూషణం గారి పేరు మీద నడిచే గ్రంథాలయ శాస్త్ర పాఠశాల సీఎల్‌ఐఎస్సీ, అంటే సర్టిఫికెట్ కోర్సుకు పేరుపొందింది. డిగ్రీ ఉన్నవాళ్లు ఏడాది బీఎల్‌ఐఎస్సీ, తర్వాత ఎంఎల్‌ఐఎస్సీ, అంటే పీజీ చేయొచ్చు. రెండు ఊళ్ల మధ్యలో ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఈ శాఖ ఉంది. ఉద్యోగం మానకుండా చదవాలనుకుంటే ఇగ్నో ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం విజయవాడలోనే. కేంద్రీయ విద్యాలయ లైబ్రేరియన్ పోస్టుకు లైబ్రరీ సైన్స్ డిగ్రీ, లేదా డిగ్రీతో పాటు ఏడాది డిప్లొమా అడుగుతారు. ఫీజులు, అర్హతలు ఏటా మారుతుంటాయి. ఆ ఏడాది నోటిఫికేషన్ చదవకుండా ఏజెంట్ల మాట విని డబ్బు కట్టకండి.

పిల్లల లైబ్రరీ పనికి ప్రత్యేకంగా కోర్సులు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. టాటా ట్రస్ట్స్ వారి పిల్లల పుస్తకాల కార్యక్రమం పరాగ్ నడిపే లైబ్రరీ ఎడ్యుకేటర్స్ కోర్స్ ఇంగ్లీషు, హిందీల్లో ఉంది. కొంత కాలం నేరుగా కలిసి కూర్చోవడం, మిగతా నెలలు ఉన్నచోటే పనిచేస్తూ నేర్చుకోవడం దాని పద్ధతి. మన లైబ్రరీలోనే ఏదో ఒకటి చేసి చూపించాలి కాబట్టి ఉత్తి సర్టిఫికెట్ కోసం చేరితే ఇబ్బంది పడతారు.

బయటి దేశాల సంగతికొస్తే, అమెరికాలోని పిట్స్‌బర్గ్ కార్నెగీ లైబ్రరీలో పిల్లల లైబ్రేరియన్లకు ప్రత్యేక శిక్షణ పాఠశాల ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే మొదలైంది. ఇప్పుడు అక్కడ ఏఎల్‌ఎస్‌సీ అనే సంఘం పుట్టినప్పటి నుంచి 14 ఏళ్ల వరకు, యాల్సా అనే సంఘం 12 నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలతో పనిచేసేవాళ్లకు ఏమేం తెలిసుండాలో జాబితాలు తయారుచేశాయి. అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇఫ్లా 2018లో 0-18 ఏళ్ల పిల్లల సేవలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇఫ్లా పత్రం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఒకసారి చదవండి. చదివి మన ఇన్‌స్పెక్షన్ రిజిస్టర్‌లో అతికించాల్సిన పని లేదు. అక్కడ టీనేజర్లకు వేరే గది, వేరే ఉద్యోగి ఉంటారు. మన శాఖలో తాళం తీసేది, దినపత్రికలు సర్దేది, సభ్యత్వం రాసేది, కథ చెప్పేది ఒక్కరే.

శిక్షణలో తప్పనిసరిగా ఏమి ఉండాలి? మా దగ్గర రెండు రోజుల వర్క్‌షాప్ పెడతామంటున్నారు.

రెండు రోజులైనా ఫర్వాలేదు, ప్రారంభోపన్యాసాలు, శాలువాలు పక్కన పెడితే. మొదటి రోజంతా పుస్తకాలు చదివించండి. వచ్చిన ప్రతి ఒక్కరి ముందూ పిల్లల పుస్తకాల గుట్ట పెట్టి, చదివి, ఏ పుస్తకం ఎలాంటి పిల్లలకు ఇస్తారో చెప్పమనండి. పెద్దవాళ్ల నవలలు విపరీతంగా చదివే లైబ్రేరియన్ కూడా ఈ మధ్య వచ్చిన పిల్లల పుస్తకాలు పది చెప్పమంటే తడబడతారు. చిన్నప్పుడు చదివిన పత్రికల దగ్గరే ఆగిపోతారు. ఆ పత్రికలు గొప్పవే, కానీ ఇప్పటి పిల్లలు వాటిని అడగరు.

తర్వాత పుస్తకాన్ని పిల్లవాడి స్థాయికి జతపరచడం. అట్ట మీద "6-8 ఏళ్లు" అని ఉంటే అదే నమ్మి అరలో పెట్టేయకూడదు. తెలుగులో చదువు తడబడేది ఎక్కువగా ఒత్తుల దగ్గర. మూడో తరగతి పిల్లవాడికి కథ బాగానే అర్థమవుతుంది, కానీ పేజీ నిండా సంయుక్తాక్షరాలుంటే రెండో పేజీకే పుస్తకం మూసేస్తాడు. అందుకే పేజీ తెరవగానే చూడాల్సినవి: ఒత్తులు ఎంత దట్టంగా ఉన్నాయి, వాక్యం ఎంత పొడుగు, అచ్చు ఎంత పెద్దది, చదవలేకపోయిన మాటను బొమ్మ పట్టిస్తుందా లేదా. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో పుస్తకాలను నాలుగు స్థాయిలుగా విడదీశారు. మొదటి స్థాయిలో సుమారు 250 మాటల వరకు, రెండోదాంట్లో 600 వరకు, మూడోదాంట్లో 1,500 వరకు, నాలుగోదాంట్లో అంతకుమించి. మొదలుపెట్టడానికి ఇది మంచి కొలత. అయితే తెలుగులో విభక్తులు, క్రియలు అన్నీ మాటకే అతుక్కుంటాయి కాబట్టి 250 తెలుగు మాటలు 250 ఇంగ్లీషు మాటల కంటే బరువు. మాటల లెక్కతో పాటు అక్షరాలు కూడా చూడాలన్నది అందుకే.

రెండో రోజు పిల్లలను పిలిపించండి. పిల్లలు లేకుండా పిల్లల సేవ నేర్పే వర్క్‌షాప్ ఒడ్డున కూర్చుని ఈత నేర్పడం లాంటిది. దగ్గర్లోని బడి నుంచి ఇరవై మంది వస్తే చాలు. ప్రతి ఒక్కరూ వాళ్ల ముందు ఒక పుస్తకం చదవాలి, తోటివాళ్లు చూసి చెప్పాలి.

నాకు కథ చెప్పడం రాదు, నలుగురిలో మాట్లాడాలంటే టెన్షన్. ఎలా?

కథ చెప్పడం, పుస్తకం చదివి వినిపించడం వేరువేరు. మొదటిది కొందరికే బాగా వస్తుంది. రెండోది ఎవరైనా నేర్చుకోవచ్చు, లైబ్రరీకి అదే ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే అయిపోయాక పిల్లలు ఆ పుస్తకమే చేతిలోకి తీసుకుంటారు.

ముందురోజు ఇంట్లో రెండుసార్లు పైకి చదవండి. ఎక్కడ ఆగాలో అప్పుడే తెలుస్తుంది. పిల్లలను చాప మీద అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టి మీరు కొంచెం ఎత్తులో కూర్చోండి. పుస్తకం ఒళ్లో పెట్టుకోకుండా భుజం పక్కన, బొమ్మ వాళ్లకు కనిపించేలా పట్టుకోండి. కిటికీకి వీపు పెట్టకండి, వెలుతురు వాళ్ల కళ్లలో కొడుతుంది, బొమ్మ నల్లగా కనిపిస్తుంది. పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం ఆగండి, తర్వాతేమవుతుందో వాళ్లే చెప్తారు. గొంతులు మార్చి నటించాల్సిన పని లేదు, నిదానంగా చదివితే చాలు.

అయిపోగానే "ఈ కథలో నీతి ఏమిటి?" అని మాత్రం అడగకండి. అలా అడిగితే లైబ్రరీ కూడా తరగతి గది అయిపోతుంది. "మీకైతే ఎవరు నచ్చారు?" అనొచ్చు. ఏమీ అడక్కుండా ఊరుకున్నా నష్టం లేదు.

మా పిల్లలంతా ఇంగ్లీష్ మీడియం. తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. ఏ పుస్తకాలు ఇవ్వాలి?

బెజవాడలో, గుంటూరులో ఇప్పుడు ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. నాలుగో తరగతి పిల్లకు ఒకటో తరగతి తెలుగు పుస్తకం ఇస్తే అవమానంగా ఫీలవుతుంది. ఆమె ఆలోచన పదేళ్లది, తెలుగు చదువు ఆరేళ్లది. బొమ్మలతోనే కథ నడిచే పుస్తకాలు, కామిక్‌లు, హాస్యం ఉన్న చిన్న పుస్తకాలు ఇలాంటివారికి బాగా పనిచేస్తాయి. తులిక లాంటి ప్రచురణకర్తలు ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కనే వేసిన పుస్తకాలు తెచ్చారు. వాటిని ఇస్తే పిల్లలు ముందు ఇంగ్లీషే చదువుతారు. చదవనివ్వండి. మీరు మాత్రం వారానికోసారి తెలుగు పుస్తకం పైకి చదివి వినిపించండి. చెవికి అలవాటైన మాటను కళ్లు త్వరగా పట్టుకుంటాయి.

వన్‌టౌన్ లాంటి చోట్ల ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు కూడా వస్తారు. వాళ్ల కోసం ఒక అర కేటాయించడం పెద్ద ఖర్చేమీ కాదు.

టీనేజర్లు రానే రారు. వస్తే గైడ్ల కోసమే వస్తారు. ఏం చేయాలి?

ముందు వాళ్ల టైమ్‌టేబుల్ చూడండి. ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉన్నవాళ్లు ఎలాగూ రాలేరు. మీకు దొరికేది ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్లు, పదో తరగతి పరీక్షలయ్యాక ఖాళీగా ఉండేవాళ్లు, ఇంటి నుంచి కాలేజీకి వెళ్లొచ్చేవాళ్లు. లైబ్రరీ తలుపు తీసి ఉండే వేళకు వాళ్లు బడిలోనో ట్యూషన్‌లోనో ఉంటే తప్పు వాళ్లది కాదు.

ఇంకొకటి. మన లైబ్రరీల్లో కుర్చీలు పోటీ పరీక్షలవాళ్లతో నిండిపోతాయి. గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివే అన్నయ్యలు, అక్కల మధ్య పద్నాలుగేళ్లవాళ్లు నవ్వినా "ష్" అంటారు. వాళ్లకు ఒక మూల, వారంలో రెండు సాయంత్రాలు గట్టిగా మాట్లాడుకునే హక్కు ఇవ్వండి. గది లేకపోతే వరండా చాలు. గైడ్ కోసం వచ్చినవాళ్లను గైడ్ ఇచ్చే పంపండి, పక్కనే క్రికెట్, అంతరిక్షం, దెయ్యాల కథలు, కోడింగ్ పుస్తకాలు అట్టలు కనిపించేలా నిలబెట్టండి. ఉపదేశం ఇవ్వకండి. "మా కాలంలో..." అని మొదలుపెడితే మళ్లీ రారు.

వాళ్లకు పని అప్పగించడం ఇంకా మంచి మార్గం. కొత్త పుస్తకాలు ఏవి కొనాలో జాబితా రాయమనండి, చిన్నపిల్లలకు చదివి వినిపించమనండి, పోస్టర్ గీయమనండి. విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లేటప్పుడు ఇద్దరిని వెంట తీసుకెళ్లి, కొంత బడ్జెట్ వాళ్ల చేతికే ఇచ్చి కొనమనండి. వాళ్లు కొన్న పుస్తకాలు అరలో నిలవవు.

మా అమ్మాయికి ప్రేమకథ ఎందుకిచ్చారని ఒక తండ్రి గొడవ చేశారు. ఏం చెప్పాలి?

ఆయన కోపాన్ని విని, కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. తన కూతురు ఏం చదవాలో మాట్లాడే హక్కు ఆయనకుంది, ఊళ్లో పిల్లలందరికీ ఆ పుస్తకం లేకుండా చేయమనే హక్కు లేదు. ఈ మాట ఆ క్షణంలో ధైర్యంగా అనాలంటే, పుస్తకాలు ఎలా ఎంపిక చేస్తారో ఒక పేజీ ముందే రాసుండాలి. అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా ఇవ్వమనండి, పుస్తకం మొత్తం చదివి జవాబిస్తామని చెప్పండి.

ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో ఇంకొకరికి చెప్పకూడదన్నది కూడా శిక్షణలో నేర్పాల్సిన విషయమే. శరీరంలో మార్పుల గురించి పుస్తకం తీసుకున్న అమ్మాయి పేరు కౌంటర్ దగ్గర గట్టిగా చదివితే ఇక ఆ అరవైపు ఎవరూ వెళ్లరు.

పిల్లల భద్రత గురించి లైబ్రేరియన్‌కు ఏం తెలియాలి?

దీన్ని శిక్షణల్లో దాటేస్తుంటారు. దాటేయకూడదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు ఎవరైనా పిల్లలే. లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అది కూడా నేరమే. పిల్లవాడు మీతో ఏదైనా చెప్పుకుంటే, ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. "నీకు సాయం చేయగలవాళ్లకు చెప్పాలి" అనండి. గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేయకండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. ఈ రెండు నంబర్లూ పిల్లల కళ్లకు అందే ఎత్తులో గోడ మీద ఉండాలి. పరీక్షా ఫలితాలొచ్చే రోజుల్లో రెండోది మరీ ముఖ్యం.

వాలంటీర్లు ఎవరైనా సరే, పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం పెట్టండి. పిల్లల ఫొటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఫేస్‌బుక్‌లో పెట్టకండి, కార్యక్రమం ఎంత బాగా జరిగినా సరే.

పిల్లలకిస్తే పుస్తకాలు చిరుగుతాయి, పోతాయి. ఆడిట్‌లో వాటి ఖరీదు మా దగ్గర రికవరీ పెడితే?

ఈ భయంతోనే చాలాచోట్ల మంచి పిల్లల పుస్తకాలు తాళం వేసిన బీరువాలో అద్దం వెనక ఉంటాయి. భయం నిజమైనదే, కొట్టిపారేయను. కానీ చదివి చిరిగిన పుస్తకం నష్టం కాదు, వాడకం. పాతబడినవాటిని నిబంధనల ప్రకారం తొలగించడం, కమిటీ ఆమోదం తీసుకుని రిజిస్టర్‌లో రాయడం శిక్షణలో చేతితో చేయించాలి. ఏటా ఈ పని చేసే లైబ్రేరియన్‌కు ఆడిట్ భయం తక్కువ. పదేళ్లు తొలగింపు చేయనివాళ్లకే ఒక్కసారిగా లెక్క తేలదు. పుస్తకం పోగొట్టిన పిల్లవాడి దగ్గర జరిమానా బదులు అట్టలు వేసే పని చేయించుకోండి. జరిమానా భయంతో పుస్తకంతో పాటు పిల్లవాడూ పోతాడు.

కొనడానికి డబ్బు ఎక్కడిది?

జిల్లా గ్రంథాలయ సంస్థలకు ప్రధాన ఆధారం ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సు. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ పిల్లల విభాగాలకు, శిక్షణ కార్యక్రమాలకు సాయం చేసే పథకాలు నడుపుతుంది. ప్రభుత్వ బడులకు సమగ్ర శిక్ష కింద లైబ్రరీ నిధి వస్తుంది.

డబ్బు లేనిచోట స్టోరీవీవర్ పుస్తకాలు ఉచితం, డౌన్‌లోడ్ చేసి ముద్రించుకోవచ్చు. ఎన్‌బీటీ (నేషనల్ బుక్ ట్రస్ట్), సీబీటీ (చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్), 'మంచి పుస్తకం' సంస్థ ప్రచురణలు తక్కువ ధరకే వస్తాయి. కట్టకట్టి పంపే టెండరు పుస్తకాలు మాత్రం చూడకుండా తీసుకోకండి. ఏలూరు రోడ్డు షాపుల్లో ఒక పూట నిలబడి మీరే పేజీలు తిప్పి ఎంచుకుంటే, సగం పుస్తకాలు వచ్చినా అన్నీ చదివేవే వస్తాయి.

నేను లెక్కల మాస్టారిని. హెచ్‌ఎం లైబ్రరీ కూడా చూడమన్నారు. కోర్సు చేసే తీరిక లేదు.

చేయకండి. బీరువా తాళం తీయండి, వారానికి ఒక పీరియడ్ పిల్లలకు నచ్చిన పుస్తకం నచ్చినట్టు చదువుకోనివ్వండి, ఆ పీరియడ్‌లో మీరూ ఒకటి చదవండి. పుస్తకాలిచ్చే పని ఏడో తరగతి పిల్లలకు అప్పగిస్తే మీకంటే జాగ్రత్తగా చేస్తారు.

చూపు లేని పిల్లలు, డిస్లెక్సియా ఉన్న పిల్లలు వస్తే?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, చదువులో ఎదురయ్యే ప్రత్యేక ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో అచ్చు పుస్తకం చదవలేనివాళ్ల కోసం వినే, బ్రెయిల్‌కు పనికొచ్చే రూపాల్లో పుస్తకాలున్నాయి. ఇలాంటి పిల్లల కోసం పుస్తకాన్ని వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి 2012లో సవరించిన కాపీరైట్ చట్టం అనుమతిస్తుంది. తల్లి వచ్చి "మావాడు మొద్దు, చదవడండీ" అంటే ఆ మాట పిల్లవాడి ముందు సాగనివ్వకండి. విని ఆనందించే పుస్తకం ఇవ్వండి.

వేసవి విజ్ఞాన శిబిరం ఎలా నడపాలి? ఏటా డ్రాయింగ్ పోటీలే అవుతున్నాయి.

డ్రాయింగ్, స్పోకెన్ ఇంగ్లీష్, చెస్ ఉండొచ్చు. రోజుకో గంట మాత్రం పుస్తకానిదే కావాలి. ఏప్రిల్, మే ఎండల్లో ఉదయం పదిలోపే ముగించండి. ఒకే పుస్తకాన్ని రోజుకో భాగం చొప్పున చదివి వినిపిస్తే మర్నాడు తప్పకుండా వస్తారు. మన ప్రాంతం సంగతులు కూడా చెప్పండి. విజయవాడ రామ్మోహన్ గ్రంథాలయం 1911లో పుట్టింది, 1914లో ఇదే ఊళ్లో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ సభ జరిగింది, 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో లైబ్రరీ తిప్పారు. పడవ లైబ్రరీ అనగానే పిల్లల కళ్లు విప్పారతాయి, అట్టముక్కలతో ఆ పడవ చేయించండి.

నవంబరు 14న బాలల దినోత్సవం, గ్రంథాలయ వారోత్సవం ఒకేసారి మొదలవుతాయి. ఆ వారం వక్తృత్వ పోటీలకొచ్చిన పిల్లల్లో ఎంతమందికి సభ్యత్వం ఇచ్చారు అన్నది శిబిరాలకు కూడా వేసుకోవాల్సిన ప్రశ్న.

కోహా, ఈ-గ్రంథాలయ లాంటి లైబ్రరీ నిర్వహణ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా?

పెద్ద లైబ్రరీ అయితే అవసరం. వెయ్యి పుస్తకాల లోపు పిల్లల లైబ్రరీకి నోటు పుస్తకం, అట్టల మీద రంగు చుక్కలు చాలు. ఎరుపు మొదటి స్థాయి, నీలం రెండోది, ఇలా. చదవడం రాని పిల్లలు కూడా రంగు చూసి పుస్తకం తిరిగి సరైన అరలో పెడతారు.

వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఉద్యోగానికో, ప్రమోషన్‌కో పనికొస్తుందా?

సర్వీసు నిబంధనల్లో అడిగేది సీఎల్‌ఐఎస్సీ, బీఎల్‌ఐఎస్సీ లాంటి అర్హతలే. రెండు రోజుల శిక్షణకు ప్రమోషన్ రాదు. ప్రైవేటు స్కూళ్ల ఇంటర్వ్యూలో మాత్రం కాగితం కంటే, "మా పిల్లలకు ఇప్పుడే ఒక పుస్తకం చదివి వినిపించండి" అంటే చేసి చూపించగలగడం ఎక్కువ పనికొస్తుంది. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సంచిలో రెండు బొమ్మల పుస్తకాలు పెట్టుకెళ్లండి.